బండి నూకుడు కూడా విద్యే

బ్యాటరీ అంటే ఏమిటని అడిగితే మన కళాశాలలో సైన్సు చదివే విద్యార్థి ఎవరైనా తడుముకోకుండా చెప్పగలడు. ఒక సీసపు పలక, ఒక లెడ్ పెరాక్సైడు పలక, మధ్యన పలచని గంధకామ్లం. 1859లో ఫ్రాన్సు దేశస్థుడు గాస్టన్ ప్లాంటే కనిపెట్టాడని సంవత్సరంతో సహా అప్పజెప్పగలడు. కాని అదే విద్యార్థి, స్టాండులో పెట్టిన తన మోటారు సైకిలు బ్యాటరీ డౌన్ అయి పలకనప్పుడు ఏం చేస్తున్నాడు? సెల్ఫ్ బటన్ మీద బొటనవేలు పెట్టి, మిగిలిన ఆ కాస్త కరెంటు కూడా అయిపోయేదాకా నొక్కుతున్నాడు. ఆ తర్వాత ఫోను తీసి మెకానిక్కును పిలుస్తున్నాడు. పరీక్షలో పది మార్కులు తెచ్చిన చదువు పది గజాల దూరంలో ఉన్న స్టాండు వరకు కూడా నడిచి రావడం లేదంటే, లోపం విద్యార్థిదా, చదువుదా అన్నది ఆలోచించవలసిన విషయం. చదువుదేనని నా అభిప్రాయం.

ఇదంతా చిన్న విషయమని కొట్టిపారేసేవారు నస్పూర్ వచ్చి ఒక తెల్లవారుజాము చూడాలి. మంచిర్యాల నుండి చెన్నూరు పోయే రోడ్డు మీద, శ్రీరాంపూర్ గనుల పక్కనున్న ఊరు. కోల్ కెమికల్ కాంప్లెక్స్ అన్న పెద్ద పేరు కాస్తా అరిగి ‘సీసీసీ’ అయి ఊరి పేరుకు అతుక్కున్నది. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఆదిలాబాదు నుండి విడివడి మంచిర్యాల జిల్లాలో చేరింది. జిల్లా కలెక్టరాఫీసు కూడా ఇప్పుడు నస్పూర్‌లోనే ఉన్నది. అయినా ఊరిని నిద్ర లేపేది కలెక్టరాఫీసు కాదు, బాయి. మొదటి షిఫ్టుకు బాయికి పోయే మనిషి మస్టరు వేళకు అక్కడ ఉండాలి. మస్టరు పడకుంటే ఆ దినం పోయినట్టే. ఆ జామున ఆటో దొరకడం కష్టం, బస్సు వేళ వేరు. క్వార్టరు ముందు రాత్రంతా చలికి నిలబడ్డ బండిని సెల్ఫ్ కొడితే ‘టిక్’మని ఊరుకుంటుంది.

“ఏమైందే?”

“చాల్ అయితలేదే.”

“అయితే పట్టు, జర నూకుదాం.”

చలికాలంలో గని బస్తీల్లో ఈ సంభాషణ వినని వారుండరు. నూకవచ్చిన మనిషికి బండి మీద పట్టు ఉంటే షిఫ్టు దక్కుతుంది. లేకుంటే ఇద్దరికీ చెమట తప్ప ఏమీ మిగలదు.

విచిత్రమేమిటంటే, బ్యాటరీని ఎట్లా చూసుకోవాలో బొగ్గు గనుల ఊళ్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. గనిలోకి దిగే కార్మికుడి నడుముకు బెల్టుతో ఒక బ్యాటరీ, అక్కడి నుండి తీగ వెంట టోపీ మీద క్యాప్ ల్యాంపు. చాలా కాలం ఆ బ్యాటరీలు నాలుగు వోల్టుల సీసపు బ్యాటరీలే. మన బండిలో ఉన్న దానికి సొంత తమ్ముళ్లన్నమాట. ఇప్పుడు తేలికపాటి లిథియం ల్యాంపులు వచ్చాయి గాని పద్ధతి మారలేదు. షిఫ్టు దిగిన మనిషి ల్యాంపును ల్యాంపు రూములో అప్పగించాలి, అది చార్జింగు స్టాండు ఎక్కాలి, నిండిన తర్వాతే మళ్లీ దిగాలి. ఏ నంబరు ల్యాంపు తిరిగి రాలేదో చూస్తే లోపల ఇంకా ఎవరున్నారో తెలుస్తుంది. చీకట్లో బ్యాటరీ మోసం చేస్తే ఏమవుతుందో వారికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. ఇంత మర్యాద లోపలి బ్యాటరీకి ఇస్తున్న మనమే, గని బయట సైకిల్ స్టాండులో ఎండకు ఎండే బ్యాటరీని ఏడాదికొకసారి కూడా తొంగి చూడం. మా ప్రాంతపు ఎండ సంగతి తెలియనిది కాదు. మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ వేడికి మూతలున్న పాత రకం బ్యాటరీలో నీరు తగ్గిపోతుంది, పలకలు తొందరగా పాడవుతాయి. వేసవిలో తగిలిన దెబ్బ చలికాలపు ఉదయం బయటపడుతుంది. అందుకే “నిన్నటిదాకా మంచిగనే ఉండె” అనే మాటను నేను నమ్మను.

వెనుకటి బళ్ల సంగతి వేరు. పాత బుల్లెట్టుకు హెడ్‌లైటు మీద చిన్న అమ్మీటరు ఉండేది. ఆ ముల్లు కదలికను చూస్తూ, డీకంప్రెషర్ నొక్కి, కిక్కును మెల్లగా తొక్కి పిస్టను ఎక్కడ ఉన్నదో పట్టుకుని, అప్పుడు ఒక్క తన్ను తన్నేవారు. ముల్లు చూడకుండా తన్నినవాడి కాలు ఏమయ్యేదో పెద్దవారిని అడిగితే చెబుతారు. బ్యాటరీ చార్జీ అవుతున్నదో లేదో కూడా ఆ ముల్లే చెప్పేది. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చిన తర్వాత మన రోడ్లను ఏలిన నూరు సీసీ బళ్లలో చాలావాటికి స్పార్కు కోసం బ్యాటరీయే అవసరం లేదు. ఇంజనుతో పాటు తిరిగే మాగ్నెటు దగ్గరి కాయిలు స్పార్కుకు కావలసిన కరెంటును అదే పుట్టించుకునేది. బ్యాటరీ చచ్చినా హారను మూగబోయేది తప్ప కిక్కు కొడితే బండి కదిలేది. 2020 ఏప్రిల్ 1 నుండి బీఎస్-6 నిబంధన అమలులోకి వచ్చింది. పొగ తగ్గించడానికి చాలా బళ్లలో కార్బురేటరు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఇప్పుడు పెట్రోలు దానంతటది కిందికి జారదు. పంపు తోయాలి, ఆ పంపును నడిపే చిన్న కంప్యూటరు మేలుకోవాలి. రెంటికీ కరెంటు కావాలి. గాలి శుభ్రపడడానికి చేసిన పని, దాన్ని తప్పు పట్టను. కాని బ్యాటరీ విలువ రెట్టింపు అయిందని కొన్నవారికి ఎవరు చెప్పారు?

పలకని బండి దగ్గర మొదట చేయవలసింది చెవి పెట్టడం. బటన్ నొక్కితే ఏ చప్పుడూ లేక, తాళం తిప్పినా మీటరు వెలగకపోతే, బ్యాటరీని తిట్టే ముందు ఫ్యూజు చూడాలి, టెర్మినళ్లు కదిలించి చూడాలి. టెర్మినల్ మీద పేరుకున్న తెల్లని, పచ్చని పొడి ఒక్కటి చాలు బండిని ఆపడానికి. కిల్ స్విచ్చి ఎవరో పిల్లవాడు నొక్కి పోయిన సందర్భాలు ఎన్ని లేవు? అట్లాగాక మీటరు వెలిగి, సెల్ఫ్ కొడితే ‘టిక్ టిక్’మని, దీపాలు మసకబారితే అది నిజంగా బ్యాటరీ నీరసమే. ఇక్కడ ఒక లెక్క తెలిసి ఉండాలి. 35 వాట్ల హెడ్‌లైటు వెలగడానికి మూడు యాంపియర్లు చాలు, సెల్ఫ్ మోటారుకు పదుల యాంపియర్లు కావాలి. కాబట్టి సెల్ఫ్ తిప్పలేని బ్యాటరీ కూడా పంపును, స్పార్కును నడిపించగలదు. నిండు బ్యాటరీ మీటరుపై 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. 12కు దిగితే సెల్ఫ్ మీద ఆశ వదులుకోవచ్చు గాని నూకుడు మీద వదులుకోనక్కరలేదు. ఆ మిగిలిన కొంచెం శక్తిని బటన్ నొక్కి తగలబెట్టకపోవడమే తెలివి.

ఇక నూకుడు. బండిని రోడ్డు మీద గాక గల్లీలోకి తిప్పుకోవాలి; బొగ్గు లారీలు పోయే రోడ్డు మీద ఈ సాహసం వద్దు. తాళం ఆన్, సైడు స్టాండు తీసి, రెండో గేరు వేసి క్లచ్చు పట్టుకోవాలి. రెండోదే ఎందుకు? మొదటి గేరులో వెనుక చక్రం ఒక చుట్టు తిరిగితే ఇంజను చాలా చుట్లు తిరగాలి. ఆ బరువుకు చక్రం బిగుసుకుని, టైరు రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది తప్ప ఇంజను తిరగదు. మరీ పై గేరులో చక్రం సులువుగా తిరుగుతుంది గాని ఇంజను తిరిగే వేగం చాలదు. రెండో గేరు ఈ రెంటికీ మధ్యన కుదిరిన రాజీ. వెనుక ఉన్నవారు మనిషి పరుగెత్తే వేగం వచ్చేదాకా నూకాలి. తొందరపడి రెండడుగులకే క్లచ్చు వదలడం వల్లనే సగం నూకుళ్లు దండగవుతున్నాయి. వేగం అందిన తర్వాత సీటు మీద బరువుగా కూర్చుంటూ, ఆ క్షణానే క్లచ్చు వదలాలి. ఆ బరువు టైరును రోడ్డుకు అదిమి పట్టుకుంటుంది. ఇంజను ఒక్కసారి దగ్గి అందుకోగానే క్లచ్చు మళ్లీ పట్టి కొంచెం రేజ్ ఇవ్వాలి. పట్టడం మరిచినవాడు ఎదురుగా ఉన్న గోడను కలుసుకుంటాడు. ఒంటరిగా ఉంటే దిగుడు ఉన్న చోటే దిక్కు.

గేరు లేని స్కూటర్లను నూకి లాభం లేదు. వాటి క్లచ్చు ఇంజను తిరిగితేనే పట్టుకుంటుంది గాని చక్రం తిరిగితే పట్టుకోదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో బ్యాటరీ పూర్తిగా ఎండిపోయి మీటరు కూడా వెలగకపోతే ఊరంతా కలిసి నూకినా కదలకపోవచ్చు. అప్పుడు ఇంకో బ్యాటరీ అరువు తేవాలి. కారు బ్యాటరీ నుండి తీసుకుంటే కారు ఇంజను ఆపి ఉంచాలి. ప్లస్సుకు ప్లస్సు మొదట కలిపి, మైనస్సు తీగను బండి ఇంజను లోహానికి, బ్యాటరీకి దూరంగా కలపాలి. చార్జీ అయ్యే బ్యాటరీ నుండి హైడ్రోజను వస్తుందని మనం చదువుకున్నాం. దాని పక్కన నిప్పురవ్వ పుట్టించకూడదని ఆ పాఠానికి అర్థం. ఆరు వోల్టుల పాత బండికి మాత్రం ఈ పని చేయవద్దు.

బండి పలకగానే పని అయిపోయిందనుకుని ఇంటి ముందు పది నిమిషాలు ఊరికే తిప్పి ఆపేస్తారు చాలామంది. ఐడిలింగులో పుట్టే కరెంటు ఏ మూలకూ చాలదు. అరగంటో గంటో నడపాలి. వీలుంటే చార్జరు మీద నిదానంగా నింపాలి. 5 యాంపియర్-అవర్ బ్యాటరీకి అర యాంపియరు చొప్పున రాత్రంతా పెట్టడం మంచిది. ఖాళీగా వారాల తరబడి వదిలితే పలకల మీద సల్ఫేటు గట్టిపడి ఇక నింపినా నిండదు. కొందరు “బ్యాటరీ ఎందుకు, తీసి పారేయ్” అంటారు. ఇంజెక్షన్ బండిలో ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీస్తే వోల్టేజి ఎగిసి కంప్యూటరు మీద పడవచ్చు. ఆ కంప్యూటరు ధర ముందు బ్యాటరీ ధర ఎంత?

ఇప్పుడు అసలు తగువు. 2020 చివర వచ్చిన మీటియర్ 350 మొదలు బుల్లెట్ల కంపెనీ కొత్త ఇంజన్లకు కిక్కే లేదు. ఇతర కంపెనీల పెద్ద బళ్లలో చాలావాటిదీ ఇదే దారి. ఇంజెక్షన్ ఉన్నప్పుడు కిక్కు ఎందుకన్న వాదానికి స్ప్లెండర్ ప్లస్ వంటి బళ్లే జవాబు. వాటిలో ఇంజెక్షనూ ఉంది, కిక్కూ ఉంది. నగరంలో ఫోను కొడితే మనిషి వచ్చే వాళ్లకు కిక్కు అదనపు ఇనుము కావచ్చు. చెన్నూరు అవతల అడవి రోడ్డులో రాత్రి పూట ఆగినవాడికి అది ఇనుము కాదు. కొనేటప్పుడు రంగు, సైలెన్సరు చప్పుడు చూసినంత శ్రద్ధగా కిక్కు ఉన్నదా అని అడిగే అలవాటు మన ప్రాంతపు కొనుగోలుదారులకు రావాలి. అడగనిదే ఏ కంపెనీ పెట్టదు.

అట్లాగని సెల్ఫ్‌ను నిందించే ఛాందసంలో నేను లేను. 1912లో క్యాడిలాక్ కారుకు సెల్ఫ్ రాకముందు చేతితో హ్యాండిలు తిప్పి మణికట్టు విరగ్గొట్టుకున్నవారు ఎందరో. మన దగ్గర ఆడపిల్లలు బండెక్కడానికి సెల్ఫ్ చేసిన మేలు తక్కువది కాదు. కిక్కు కొట్టలేక బండిని వదులుకున్న పెద్దవారికీ అది మళ్లీ బండి నిచ్చింది. సెల్ఫ్ ఉండాలి, సెల్ఫ్ లేనినాడు ఏం చేయాలో కూడా తెలిసి ఉండాలి, ముఖ్యంగా మన విద్యార్థినులకు. వారి బండి ఆగితే నూకడానికి వచ్చే మగపిల్లల గుంపు కంటే ఫ్యూజు ఎక్కడుందో తెలిసి ఉండడం వారికి ఎక్కువ ధైర్యం.

అందువల్ల సంఘం వారికి, ఫిజిక్సు శాఖ అధ్యాపకులకు ఒక విన్నపం. మన ప్రయోగశాలలో వోల్టుమీటర్లకు కొదవ లేదు. ఒక ఆదివారం వాటిలో రెంటిని సైకిల్ స్టాండుకు తెప్పించండి. ఒక పాత కార్బురేటరు బండి, ఒక ఇంజెక్షన్ బండి, దిగిపోయిన బ్యాటరీ ఒకటి, డిస్టిల్డ్ వాటరు సీసా చాలు. మెకానిక్కు ఒకరిని పిలిచి, అతిథి ఉపన్యాసకునికి ఇచ్చే పారితోషికం ఆయనకూ ఇవ్వండి. కళాశాల గేటు నుండి లైబ్రరీ దాకా ఉన్న దారిలో వాహనాలు రాకుండా ఒక పూట ఆపితే నూకడానికి కావలసిన స్థలం దొరుకుతుంది.