చెవికి దక్కని మర్యాద

పుస్తకం వస్తే పత్రికలో సమీక్ష పడుతుంది. సినిమా విడుదలైతే మొదటి ఆట వదలకముందే రేటింగులు వచ్చేస్తాయి. ఒక మనిషి వారాల తరబడి చదివి, నోట్సు రాసుకుని, ఒక రచయిత జీవితాన్ని గంటసేపు నోరారా చెబితే మాత్రం దాని గురించి ఎక్కడా నాలుగు వాక్యాలు కనిపించవు. తెలుగు పాడ్‌కాస్టుకు ఇన్నాళ్లుగా జరుగుతున్న అన్యాయం ఇది. వినడమంటే ఊరికే కాలక్షేపమని తేల్చేశాం. వింటూ బతుకుతున్నదాన్ని కాబట్టి నాకు మనసు కష్టంగా ఉంది, చెప్పక తప్పడం లేదు.

చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, గిన్నెలు తోముతూ, ఉతికిన బట్టలు మడతపెడుతూ నేను విన్నంత సాహిత్యం కూర్చుని చదివే వీలు నాకెప్పుడూ దొరకలేదు. ఇంటిపని చేతుల్నీ కళ్లనీ కట్టిపడేస్తుంది. చెవుల జోలికి మాత్రం రాదు. కాలిఫోర్నియాలో ఉంటూ కౌముది పత్రిక నడిపే కిరణ్ ప్రభ గారు ఒక పాత రచయిత కథ ఎత్తుకున్నారంటే పప్పు ఉడికిన సంగతి కూడా తెలియదు. హర్షణీయం పాడ్‌కాస్టులో కథకులూ అనువాదకులూ తమ పని గురించి తాము చెప్పుకుంటుంటే, సాహిత్య సభ ముందు వరుసలో కూర్చున్నట్టే ఉంటుంది. ఆ సభలకు వెళ్లే తీరిక మా బోటివాళ్లకు ఎక్కడిది? విన్నాక ఆ పుస్తకం కోసం వెతికి కొనుక్కున్న సందర్భాలు ఎన్నో.

చెవికి మాత్రమే అందే సంగతులు కొన్ని ఉన్నాయి. కథకుడు నామిని రాసిన చిత్తూరు మాటను గోదావరి జిల్లా పాఠకుడు కంటితో చదివితే రెండు మూడు చోట్ల ఆగిపోతాడు. ఆ సీమ మనిషి నోట వింటే అదే మాట సూటిగా లోపలికి దిగుతుంది. సాగదీత ఎక్కడో, విరుపు ఎక్కడో, ఎక్కడ గొంతు తగ్గాలో అచ్చు చెప్పలేదు.

అచ్చు తలుపులు మూసుకుపోయినవాళ్ల సంగతి ఇంకా ముఖ్యం. హోసూరులోనూ బెంగళూరులోనూ ఇంట్లో కమ్మగా తెలుగు మాట్లాడుతూ, బళ్లో వేరే లిపి నేర్చుకున్నవాళ్లు ఎందరో. అమెరికాలో పుట్టిన మన పిల్లలకు అమ్మమ్మ మాట అర్థమవుతుంది, అక్షరాలు రావు. చూపు తగ్గిన పెద్దలకు చదవాలనే కోరిక మాత్రం తగ్గలేదు. వీళ్లందరికీ తెలుగు కథ చేరాలంటే నోటితో చెప్పేవాళ్లు కావాలి. చెబుతున్నవాళ్లు ఉన్నారు కూడా. వాళ్లను పట్టించుకునేవాళ్లే లేరు.

నిజానికి మనది విని పెరిగిన జాతి. హరికథ, బుర్రకథ, ఒగ్గుకథ అన్నీ నోటి విద్యలే. ఆదివారం మధ్యాహ్నం విజయవాడ ఆకాశవాణిలో ఉషశ్రీ రామాయణ భారతాలు చెబుతుంటే ఇళ్లకు ఇళ్లు రేడియో చుట్టూ చేరేవి. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 అక్టోబరు 15న మొదలైన సంగం రేడియోలో దళిత మహిళలే మైకు పట్టుకుని తమ విత్తనాల గురించి, పంటల గురించి, పాటల గురించి తమ యాసలోనే మాట్లాడారు. ఈ వరుసలో నేడు నిలబడవలసిన పాడ్‌కాస్టును మనవాళ్లలో చేర్చుకోకపోవడం ఏం న్యాయం?

ఇప్పుడు ఇంకో దెబ్బ తగిలింది. పాడ్‌కాస్టు అంటే సోఫాలో ఇద్దరు కూర్చుని కెమెరా ముందు మాట్లాడే వీడియో అనుకునే రోజులొచ్చాయి. 2004 ప్రాంతంలో ఈ పద్ధతి పుట్టింది వినడానికే. మనం కోరుకున్న కార్యక్రమం కొత్త భాగం దానంతటదే కంప్యూటరులోకి దిగేది, ఎవరి అనుమతీ అక్కర్లేకుండా ఎవరైనా ప్రసారం చేసుకోగలిగేవారు. ఆ ఏర్పాటు ఇప్పటికీ పనిచేస్తోంది. మాటకు సరిపోయే 64 కేబీపీఎస్ నాణ్యతలో గంట ఎపిసోడు 29 ఎంబీ దాటదు. ఇంట్లో దించుకుంటే సిగ్నల్ లేని బస్సులోనూ పొలం గట్టుమీదా వినొచ్చు. వీడియో మాత్రం కళ్లు అప్పగించమంటుంది. పొయ్యి ముందున్న మనిషి, బండి నడిపే మనిషి కళ్లు ఎలా అప్పగిస్తారు? కెమెరా లేదని చక్కటి కార్యక్రమాన్ని తక్కువగా చూస్తున్నాం. ఆదరణ లేక కొన్ని గొంతులు మధ్యలోనే ఆగిపోయాయి. ఆగిపోయాయని కూడా ఎవరూ రాయలేదు.

అందుకే అడుగుతున్నాను. ఆదివారం అనుబంధాల్లో పుస్తక పరిచయం పక్కనే, ఈ వారం వినదగినదేమిటో చెప్పే కొంచెం చోటివ్వండి. పురస్కారాలిచ్చే సాహిత్య సంస్థలు కథ రాసిన చేతితోపాటు కథను చక్కగా వినిపించిన గొంతునూ గుర్తించాలి. విశ్వవిద్యాలయాలూ గ్రంథాలయాలూ ఈ ధ్వనులను సేకరించి భద్రపరచాలి. ఇవాళ ఒక వెబ్‌సైటు మూతపడితే వందల గంటల తెలుగు పోతుంది. వినేవాళ్లం మనం కూడా నచ్చిన భాగాన్ని మరొకరికి పంపాలి, చెప్పినవారికి రెండు ముక్కలు రాయాలి, వీలైతే పదో పరకో చెల్లించాలి. విన్నందుకు రుణపడి ఉన్నాం. ఆ రుణం వాళ్లు ఇంకా చెబుతూ ఉన్నప్పుడే తీర్చాలి.