సరదా షికార్లు: హేవ్‌లాక్‌లో నీళ్ళ అడుగున అరగంట

అండమాన్ పేరు చెబితే మన పాతతరం ప్రేక్షకులకి ఠక్కున గుర్తొచ్చేవి రెండే. ఒకటి సెల్యులార్ జైలు, రెండోది 1979లో అక్కినేని, వాణిశ్రీ జంటగా వచ్చిన ‘అండమాన్ అమ్మాయి’. 1996లో ప్రియదర్శన్ గారు ‘కాలాపానీ’ తీసి మళ్ళీ ఆ జైలునే కళ్ళకి కట్టించారు. అంటే తెరమీద అండమాన్ అయితే కన్నీళ్ళు, కాకపోతే కొబ్బరిచెట్లు! నీళ్ళ అడుగున ఏముందో మాత్రం మనం స్వయంగా దిగి చూసుకోవలసిందే.

ఈమధ్య కొత్తగా పెళ్ళయిన పాఠకుడొకాయన ఉత్తరం రాశారు. ‘‘హేవ్‌లాక్ దీవికి పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తే సరిపోతుందాండీ? మా ఆవిడకి ఈత రాదు. నాకూ రాదు. ఈ రెండో సంగతి ఆవిడకింకా తెలీదు.’’

సరిపోదు బాబూ! కనీసం మూడు రాత్రులు ఉండండి. ఈత సంగతంటారా, ఆవిడకి నిశ్చింతగా చెప్పెయ్యండి. అక్కడ మొదటిసారి నీళ్ళలోకి దిగేవాళ్ళలో ఈత రానివాళ్ళు బోలెడుమంది.

ముందు దారి చెబుతాను. పోర్ట్‌బ్లెయిర్‌కి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అక్కడిదాకా మద్రాసు నుంచి విమానముంది. తీరుబడి ఉంటే విశాఖ నుంచి అప్పుడప్పుడు బయల్దేరే ఓడ ఉంది గానీ, రెండు రోజులకి పైనే పడుతుంది. అక్కడి నుంచి హేవ్‌లాక్ నలభై కిలోమీటర్ల చిల్లర. ప్రైవేటు పడవలో గంటన్నర, సర్కారు పడవలో ఇంకో గంట ఎక్కువ. హేవ్‌లాక్ అన్నది 1857 తిరుగుబాటును అణచిన ఇంగ్లీషు జనరల్ పేరు. 2018 డిసెంబరులో దాన్ని తీసేసి స్వరాజ్ ద్వీప్ అన్నారు. జనం నోట ఇంకా హేవ్‌లాకే నలుగుతోంది, నా కలం కూడా అదే రాస్తోంది.

దీవిలో ఎక్కువమంది తూర్పు పాకిస్తాన్ నుంచి కాందిశీకులుగా వచ్చిన బెంగాలీల కుటుంబాలవాళ్ళు. చేపల పులుసూ అన్నం అమృతంలా ఉంటుంది. మన భాష వినబడితే ఉలిక్కిపడకండి. 2011 లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి పదమూడుమంది మాతృభాష తెలుగే!

రాధానగర్ తీరం గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? 2004లో ‘టైమ్’ పత్రిక ఆసియాలోకెల్లా మేటి తీరమని రాసినప్పటినుంచీ దాని కాలు నేలమీద నిలవడం లేదు. సూర్యాస్తమయం అక్కడే చూడాలి. మరీ తూర్పున ఉన్న దీవి కదా, గడియారం మాత్రం మనదే, అందుచేత చలికాలంలో అయిదింటికల్లా పొద్దు వాలిపోతుంది. ఆరింటికి తీరిగ్గా వెళితే మిగిలేది చీకటే. ఇంకో మాట. ఆ తీరం చివర్న ఉన్న మడుగు దగ్గర 2010లో ఒక విదేశీ యువతిని మొసలి పొట్టన పెట్టుకుంది. కాబట్టి దిగొద్దని బోర్డు పెట్టినచోట దిగొద్దు. సినిమా హీరోకి డూపుంటాడు, మనకి లేడు.

ఏనుగు కథ చెప్పకుండా సినిమా పత్రికలో హేవ్‌లాక్ గురించి రాయకూడదు. రాజన్ అని ఒక ఏనుగు. ఈ దీవులకి దుంగలు లాగడానికి తెచ్చారు. తర్సెమ్ సింగ్ తీసిన ‘ది ఫాల్’ (2006)లో సముద్రంలో ఈదుతూ కనిపించేది ఇదే. ఆ తర్వాత దీన్ని చూడ్డానికే విదేశాల నుంచి జనం వచ్చేవారు. 2016లో కన్నుమూసింది. ఇంతకంటే మంచి ఈతగాడు తెరమీద నాకు కనబడలేదు.

సరే, అసలు విషయానికొద్దాం. మొదటిసారి దిగేవాళ్ళకి ఓ కాగితమిచ్చి సంతకం చేయమంటారు. ఉబ్బసం, గుండెజబ్బు, చెవిపోటు ఉన్నాయా అని అడుగుతారు. దాచకుండా నిజం రాయండి. మోకాటిలోతు నీళ్ళలో కూర్చోబెట్టి నోటితో గాలి పీల్చడం నేర్పుతారు. అన్నట్టు, వీపుకి కట్టేది ఆక్సిజన్ సిలిండరని మన సినిమాల్లో అంటారే, అది కాదు. మనం పీల్చే మామూలు గాలినే దట్టించి నింపుతారు. ఉత్త ఆక్సిజన్ లోతుకి వెళితే ప్రాణం మీదికి తెస్తుంది. ఊపిరి బిగపట్టకూడదన్నది మొదటి సూత్రం. మన హీరోలు చేసేది సరిగ్గా అదే! బొటనవేలు పైకెత్తితే ‘భేష్’ అని కాదు, ‘నన్ను పైకి తీసుకుపోండి’ అని అర్థం. సంబరంలో వేలెత్తి, కిందికి దిగకుండానే పైకి తేలిన పెద్దమనిషిని నేను కళ్ళారా చూశాను.

నేర్పేవాడు వెనకాల సిలిండరు పట్టుకునే ఉంటాడు. పన్నెండు మీటర్లకి మించి తీసుకెళ్ళరు. మొదటి రెండు నిమిషాలూ నా గుండె చప్పుడు నాకే వినిపించింది, ఆ తర్వాత మరిచిపోయాను. దిగేకొద్దీ ఎరుపు రంగు మాయమైపోతుంది. ఎర్ర చొక్కా బూడిదరంగులో కనబడుతుంది. టార్చి వేస్తే చాలు, మళ్ళీ ఎరుపే! సముద్రపు పువ్వుల మధ్య కమలాపండు రంగు చేప తెల్లచారలతో తొంగిచూసింది. ‘ఫైండింగ్ నెమో’ (2003) బొమ్మల సినిమాలో ఉన్నది ఈ జాతే. వీళ్ళ సంసారం చిత్రమైనది. గుంపులో పెద్దది ఆడచేప. అది పోతే మగచేపే ఆడచేపగా మారిపోతుంది. ఆ సినిమాలో తల్లి పోయింది కదా, లెక్క ప్రకారం నాన్నగారు అమ్మగారై ఉండాలి! ఆ కథ ఎవరు రాసినా సెన్సారువారు నోరు తెరుస్తారు. పగడాలని కటకటమని కొరుకుతూ చిలకచేపలు తిరుగుతుంటాయి, ఆ చప్పుడు నీళ్ళలో బాగా వినబడుతుంది. అవి అలా నమిలి విసర్జించిన పిండి కూడా పగడపు దీవుల తెల్ల ఇసకలో కలిసే ఉంటుంది.

నాకు కడుపులో దేవినది ఎలిఫెంట్ బీచ్ పక్కన. అక్కడ లోతు తక్కువ, ముఖానికి అద్దం పెట్టుకుని తేలుతూ చూడొచ్చు. అందుకే జనం కూడా అక్కడే ఎక్కువ. ఓ పడవవాడు బిస్కెట్లు జల్లుతున్నాడు, ఫొటోల్లో చేపలు పడాలని. ఒకాయన అలసిపోయి నిలబడ్డాడు. దేనిమీద? బతికున్న పగడం మీద. పగడం రాయి కాదండీ, చిన్నచిన్న జీవుల కాలనీ. కొమ్మలుగా పెరిగేది ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే. ఓ కాలి తాపు చాలు, ఏళ్ళ ఎదుగుదల విరిగిపోతుంది. పైగా నీళ్ళు మామూలుకంటే ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి వారాల తరబడి అలాగే ఉంటే, తమకి రంగూ తిండీ ఇచ్చే నాచుని పగడాలు బయటికి నెట్టేస్తాయి. తెల్లబడతాయి, వేడి తగ్గకపోతే చచ్చిపోతాయి. అండమాన్‌లో 1998లో, 2010లో, 2016లో అదే జరిగింది. సముద్రం వేడిని మనమిద్దరం ఈ సెలవుల్లో ఆపలేం. కానీ కాలు మనది కదా! దాన్ని పైన పెట్టుకుని తేలడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. నిలబడాలనిపిస్తే ఇసక చూసుకుని నిలబడండి. పగడం ముక్క, చచ్చినదైనా సరే, పెట్టెలో పెట్టుకున్నారో, 1972 వన్యప్రాణి చట్టం కింద ఎయిర్‌పోర్టులోనే దొరికిపోతారు.

‘వీడియోతో సహా’ అని బేరం పెట్టేవాళ్ళ దగ్గర రేటు అడక్కండి. ఒక మనిషికి ఒక శిక్షకుడా, లోపల ఎంతసేపు ఉంచుతారు, ఈ రెండే అడగండి. అరగంటలో ఇరవై నిమిషాలు కెమెరాకి చెయ్యూపుతూ గడిపితే నెమోగారు మనకోసం ఆగరు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా నీళ్ళు తేటగా ఉంటాయి. అమావాస్య దగ్గరపడితే రాత్రిపూట మడ అడవుల్లో తెడ్డు వేయించుకోండి. తెడ్డు తగిలినచోటల్లా నీళ్ళు మిణుగురుల్లా వెలుగుతాయి. ఏ కెమెరామానూ ఇంత లైటింగు పెట్టలేడు.

తిరుగు ప్రయాణం మాత్రం జాగ్రత్తగా వేసుకోండి. ఆఖరిసారి నీళ్ళలోంచి పైకొచ్చాక 18 గంటలు ఆగి విమానం ఎక్కడం క్షేమం. ఒంట్లో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి. ఆ వ్యవధి సెల్యులార్ జైలుకివ్వండి. సాయంత్రం అక్కడ వెలుగూనీడల ప్రదర్శన ఉంటుంది, టికెట్లు ముందే తీసుకోండి.