అడ్డుపడినవారు అభివృద్ధి నిరోధకులా?

గ్యాస్ నిల్వకేంద్రాన్ని ఊరివారు వద్దన్నచో, వారు అభివృద్ధి నిరోధకులని మన సభ్యులలోనే కొందరు అనుచున్నారు. ఈ మాట మాకు సమ్మతం కాదు.

కెనడాలోని నోవా స్కోషియా రాష్ట్రంలో జరిగినది చూడుడు. షుబెనకాడీ నది చెంత, దాదాపు కిలోమీటరు లోతున గల ఉప్పుపొరను నదీజలంతో కరిగించి, గుహలు తొలిచి, వాటిలో సహజవాయువును నిల్వచేయుటకు ఒక కంపెనీ పూనుకొన్నది. కరిగిన ఉప్పంతయు తిరిగి నదిలోకే! చారల బాస్ చేప గుడ్లు పెట్టు నది అది. ఆ నదిపై ఆధారపడిన మిక్‌మా ఆదివాసులు ఒడ్డున మకాం వేసి ప్రతిఘటించారు. వారిని ప్రభుత్వం తగురీతిని సంప్రదించలేదని 2020 మార్చిలో అక్కడి న్యాయస్థానం తేల్చింది. 2021 అక్టోబరులో కంపెనీ పథకాన్ని విరమించుకొన్నది.

వాయువు దేశానికి అవసరమే, కాదనము. కాని ప్రమాదం భరించవలసినవారిని అడుగకుండుట ఏమి న్యాయం? 2014 జూన్ 27 వేకువన తూర్పుగోదావరి జిల్లా నగరం గ్రామంలో సహజవాయు గొట్టం ప్రేలి ఇరువదిమందికి పైగా మరణించారు. 1984 డిసెంబరులో భోపాల్‌లో వెలువడినది వేరు వాయువు, నిజమే. అయినను ఆ రాత్రి స్టేషనులో డ్యూటీ విడువక మన రైల్వే సోదరులు పలువురు బలియైనారు. ఊరివారు పరుగెత్తవచ్చును, సిగ్నల్ వద్దనున్నవాడు ఎట్లు పరుగెత్తును?

కావున ఇట్టి కేంద్రం ప్రతిపాదించిన చోట మన శాఖలు ప్రజాభిప్రాయ సేకరణ సభకు ఊరివారితో కలిసి హాజరు కావలెను. ట్యాంకుకు, స్టేషనుకు దూరమెంత? లీకైనచో కేబిన్‌లోని ఉద్యోగికి, వీధులలో తిరుగు పోస్టుమన్‌కు ఎవరు, ఎన్ని నిమిషాలలో తెలుపుదురు? సమాధానం వ్రాతమూలకంగా కోరవలెను.