బేతాళుని ప్రశ్న - మన సమాధానం

దొంగల కథగా మొదలై దయ్యాల కథగా ముగిసే చలనచిత్రాలను గురించి మన విద్యార్థులు తీరిక దొరికినప్పుడల్లా వాదించుకుంటూ ఉంటారు. ఆ వాదనలు విన్న పెద్దలలో కొందరు, చదువుకునే పిల్లలకు ఈ రక్తపిశాచాల గొడవ ఎందుకని విసుక్కుంటారు. ఈ విషయంలో ఇరుపక్షాలతోనూ మాకు కొంత భేదాభిప్రాయం ఉన్నది. విద్యార్థుల వాదన జరగవలసిన తీరున జరగడం లేదని ఒకటి. ఆ వాదన అసలు జరగకూడదనడం సమంజసం కాదని మరొకటి. ఈ రెండు మాటలనూ వార్షిక సంచిక ద్వారా మనవి చేయదలచాము.

ఈ కోవకు చెందిన చిత్రాలలో పేరుమోసినది 1996లో అమెరికాలో విడుదలైన 'ఫ్రమ్ డస్క్ టిల్ డాన్'. దర్శకుడు రాబర్ట్ రోడ్రిగ్వెజ్. చిత్రానువాదం రచించి, అందులో ఒక ప్రధానపాత్రను ధరించినవాడు క్వెంటిన్ టరంటీనో. బ్యాంకు దోచి, దారిపొడుగునా హత్యలు చేస్తూ పారిపోతున్న ఇద్దరు అన్నదమ్ములు, భార్యావియోగంతో దైవవిశ్వాసం సడలిపోయిన ఒక మతబోధకుణ్ణి, అతని ఇద్దరు బిడ్డలను బందీలుగా పట్టుకొని, వారి వాహనంలోనే దాగి మెక్సికో సరిహద్దు దాటుతారు. తమవారు వచ్చేదాకా రాత్రి గడపడానికి ఒక పానశాలలో ప్రవేశిస్తారు. ఆ పానశాల రక్తపిశాచాల నిలయం. అంతవరకు దొంగలకు, చట్టానికి మధ్య నడిచిన కథ అక్కడినుండి మనుషులకు, పిశాచాలకు మధ్య పోరాటంగా మారిపోతుంది. ఇది పెద్దలకు మాత్రమే తగిన చిత్రం. చూడవలసినదని మేము ఎవరికీ సిఫారసు చేయడం లేదు. కాని ఈ పద్ధతికి ఇది మంచి ఉదాహరణ గనుక ప్రస్తావించక తప్పదు.

ఇటువంటి చిత్రం విషయంలో అభిమానులు సాధారణంగా రెండు శిబిరాలుగా చీలిపోతారు. మొదటి సగం చక్కని నేరకథ, రెండవ సగం దానిని పాడుచేసిందని ఒక వర్గం వాదిస్తుంది. పిశాచాలు వచ్చిన తరువాతనే అసలు వినోదం మొదలైందని రెండవ వర్గం బదులు చెబుతుంది. రెండు వర్గాలూ ఒకే పొరపాటు చేస్తున్నాయని మా అభిప్రాయం. కథ రంగు మార్చిందా లేదా అన్నదే ఇద్దరికీ ముఖ్యమైపోయింది. రంగు మార్చి ఏమి సాధించిందన్నది ఎవరూ అడగడం లేదు.

రసాలను కలపడం మనకు కొత్త కాదు. ఉర్దూ దాస్తాన్‌కు నాలుగు అంగాలు చెబుతారు: రజ్మ్, బజ్మ్, తిలిస్మ్, అయ్యారీ. అనగా యుద్ధం, విలాసగోష్ఠి, మాయాజాలం, మారువేషాల మోసం. 1883 నుండి లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయం సంపుటాలుగా వెలువరించిన 'తిలిస్మె హోష్‌రుబా'లో ఈ నాలుగూ పెనవేసుకొని సాగుతాయి. గూఢచారి కథ ఎక్కడ ముగిసి మంత్రగాని కథ ఎక్కడ మొదలైందని గీత గీయలేము. మధిర సుబ్బన్న దీక్షితులవారి 'కాశీమజిలీ కథలు' చదివిన వారికి తెలుగులోనూ ఇదే అనుభవం. 1951లో కె.వి.రెడ్డిగారు తీసిన 'పాతాళభైరవి'లో ప్రేమ, హాస్యం, మాంత్రికుని క్షుద్రోపాసన ఒకే పందిరి కింద ఇమిడిపోలేదా? కనుక కలపడం దోషమనే మాటను మనం ఒప్పుకోనవసరం లేదు.

నేరకథనూ పిశాచకథనూ కలిపిన సంప్రదాయం కూడా మనకు ఉన్నది. అదే బేతాళ కథలు. రిచర్డ్ బర్టన్ అనే ఆంగ్లేయుడు 1870లో వాటిని తన భాషలో వెలువరించినప్పుడు బేతాళుణ్ణి రక్తపిశాచంగానే పేర్కొని, పుస్తకానికి 'విక్రమ్ అండ్ ద వాంపైర్' అని పేరు పెట్టాడు. బ్రామ్ స్టోకర్ రచించిన 'డ్రాకులా' వెలువడినది అప్పటికి 27 ఏళ్ళ తరువాత, 1897లో. నిజానికి మన బేతాళుడు రక్తం తాగేవాడు కాదు, శవాన్ని ఆవహించి కథ చెప్పేవాడు. 'చందమామ' పుటలలో శంకర్‌గారు చిత్రించిన ఆ రాజు, ఆ కత్తి, భుజంమీది ఆ శవం ఎన్ని తరాల తెలుగు పిల్లల కన్నులలో నిలిచిపోయాయో చెప్పనక్కరలేదు.

11వ శతాబ్దిలో సోమదేవుడు రచించిన 'కథాసరిత్సాగరం'లో బేతాళుడు చెప్పే మొదటి కథను పరిశీలించండి. ఒక రాజకుమారుడు మరొక రాజ్యంలోని పద్మావతిని ప్రేమిస్తాడు. అతని మిత్రుడైన మంత్రికుమారుడు ఒక పన్నాగం పన్నుతాడు. నిద్రలో ఉన్న ఆమె నగను అపహరింపజేసి, ఆమె తొడపై త్రిశూలపు గుర్తు వేయిస్తాడు. తాను శ్మశానంలో తాపసివేషంతో కూర్చొని, రాత్రి అక్కడికి వచ్చిన ఒక డాకినిని త్రిశూలంతో గుర్తించి ఆమె నగను లాగుకొన్నానని రాజుకు నమ్మకంగా చెబుతాడు. రాజు ఆ గుర్తును చూపించుకొని, విచారణ లేకుండా పద్మావతిని నగరంనుండి వెళ్ళగొట్టిస్తాడు. ప్రేమికులు కలుసుకొంటారు. బిడ్డను పోగొట్టుకున్నామన్న దుఃఖంతో ఆమె తల్లిదండ్రులు మరణిస్తారు. దొంగతనం, మారువేషం, కట్టుకథ, దయ్యం పేరిట అపవాదు, రెండు నిండుప్రాణాలు! నేటి నేరకథలో ఇంతకన్న ఏమి ఉన్నది?

అయితే బేతాళుడు కథను అక్కడ వదిలిపెట్టడు. ఈ పాపం ఎవరిదని అడుగుతాడు. తెలిసి చెప్పకపోతే రాజు తల పగిలిపోతుంది. మంత్రికుమారుడు ప్రభుకార్యం చేశాడు, ప్రేమికులు ప్రేమలో కన్ను కానరానివారు. తన రాజ్యంలో ఏమి జరుగుతున్నదో విచారించకుండా శిక్ష విధించిన రాజుదే పాపమని విక్రమార్కుడు తీర్పు చెబుతాడు. ఆ తీర్పుతో మనం ఏకీభవించవచ్చు, ఏకీభవించకపోవచ్చు. మంత్రికుమారుణ్ణి అంత సులభంగా విడిచిపెట్టడం మాకు నచ్చదు. కాని ఆ కథలో భయం ఊరకే పోలేదు. అది న్యాయవిచారణకు దారి తీసింది. భయానకకథకు మేము కోరే కొలమానం ఇదే: పిశాచం వచ్చిన తరువాత అంతకుముందు జరిగిన నేరం మరింత స్పష్టంగా కనిపిస్తున్నదా, లేక మరుగున పడిపోతున్నదా?

ఈ కొలమానంతో ఆ అమెరికా చిత్రాన్ని కొలిచి చూద్దాము. మొదటి భాగంలో బ్యాంకు ఉద్యోగిని ఒకామెను బందీగా తెచ్చి, తమ్ముడు ఆమెను దారుణంగా చంపుతాడు. పిశాచాలు ప్రవేశించిన తరువాత ఆమెను తలచేవారు లేరు. పిశాచాలతో పోరాడుతున్నాడు గనుక అన్న మన కంటికి వీరుడైపోతాడు. చివరకు బతికి బయటపడి, సొమ్ముతో తన దారిన తాను వెళ్ళిపోతాడు. మనిషి చేసిన నేరాన్ని పిశాచం మింగివేసింది. ఆ చిత్రంలోని చమత్కారాన్ని మేము కాదనము. మలుపు తిప్పిన నేర్పు గొప్పదే. కాని చచ్చిపోయిన ఆ ఉద్యోగిని సంగతి ఏమిటని ఏ అభిమానీ అడగకపోవడం మాకు కష్టంగా తోస్తున్నది.

ఇప్పుడు మన తెలుగు చిత్రానికి వద్దాము. 2021 ఫిబ్రవరి 5న ప్రశాంత్ వర్మగారి దర్శకత్వంలో 'జాంబీ రెడ్డి' విడుదలైంది. తేజ సజ్జా కథానాయకుడు. 'సమరసింహారెడ్డి' (1999), 'నరసింహనాయుడు' (2001), 'ఇంద్ర' (2002) వంటి చిత్రాలతో తెలుగుతెరపై స్థిరపడిన రాయలసీమ ముఠాకక్షల కథను, అమెరికా చిత్రాలలోని నడిచే శవాల కథతో జోడించారు. మిత్రుని పెళ్ళికోసం కర్నూలు ప్రాంతానికి పోయిన యువకులు అటు పగల మధ్య, ఇటు కాటువేసే శవాల మధ్య చిక్కుపడతారు. ఇక్కడ కలయికకు ఒక అర్థం ఉన్నది. కరిచినవాడు కరవబడినవాణ్ణి తనవంటివాణ్ణి చేస్తాడు. వాడు మరొకణ్ణి కరుస్తాడు. కక్షల లక్షణం కూడా అదే కదా! తండ్రి పగ కొడుకుకు సోకుతుంది; చంపబడినవాని ఇంటిలో చంపేవాడు పుడతాడు. వేటకొడవలిని వీరత్వానికి గుర్తుగా చూపిన చిత్రాలు చెప్పని మాటను ఈ చిత్రం అంటువ్యాధి రూపంలో చెప్పగలిగింది. అది హాస్యం మోతాదు పెంచి తన మాట బలాన్ని తానే తగ్గించుకొన్నదని మా విమర్శ. అయినా పిశాచం వచ్చి నేరాన్ని దాచలేదు, ఎత్తి చూపింది.

విద్యార్థి మిత్రులకు మేము చెప్పదలచినది ఇంతే. ఏ నటునికి ఎంత వసూలైంది, ఏ దర్శకుడు ఎవరిని మించాడు అన్న లెక్కలతో గొంతు చించుకోవడం చర్చ కాదు. 1967లో లాహోరులో ఖ్వాజా సర్ఫరాజ్ తీసిన ఉర్దూచిత్రం 'జిందా లాష్'లో ఆబె హయాత్ కోసం ప్రయోగాలు చేసిన శాస్త్రజ్ఞుడే రక్తపిశాచమవుతాడు. పాశ్చాత్యుల డ్రాకులా కథ ఉర్దూలోకి వచ్చేసరికి అమృతకాంక్ష కథగా ఎందుకు మారింది? ఇటువంటి ప్రశ్న ఒక్కటి వేసుకొంటే ఉర్దూ విద్యార్థి, తెలుగు విద్యార్థి ఒకరికొకరు చెప్పుకోవలసినది ఎంతో దొరుకుతుంది.

కళాశాల పాలకవర్గంవారికి కూడా ఒక మనవి. బేతాళకథలో పాపం ఎవరికి అంటుకొన్నదో మరొకసారి జ్ఞాపకం చేసుకోవలసినదిగా కోరుతున్నాము. విచారించకుండా వెళ్ళగొట్టిన ప్రభువుకే! సెల్‌ఫోనులో సమస్త ప్రపంచచిత్రాలూ దొరికే ఈ రోజులలో వద్దన్నంత మాత్రాన పిల్లలు చూడడం మానరు. చూసినదానిని గురించి పెద్దల ఎదుట మాట్లాడడం మాత్రం మానుతారు. 1907లో ఈ బుచ్చిరెడ్డిపాలెంలోనే జన్మించిన బెజవాడ గోపాలరెడ్డిగారు రవీంద్రుని తెలుగు చేసిన చేతితోనే 1962-63లో కేంద్ర సమాచార, ప్రసార శాఖను నిర్వహించారు. చలనచిత్రాల వ్యవహారం ఆ శాఖదే. సాహిత్యానికి, చిత్రకళకు అంటరానితనం పాటించవలసిన ఊరు కాదిది.

కనుక నెలకొక సాయంకాలం ఒక గంట చలనచిత్ర చర్చకు కేటాయించవలసిందిగా ప్రార్థిస్తున్నాము. ఒక అధ్యాపకుడు అధ్యక్షత వహించాలి. విద్యార్థుల వయస్సుకు తగిన చిత్రాన్నే ఎన్నుకోవాలి. చిత్రం చూడనివారు తీర్పు చెప్పరాదు. ఉర్దూలో అడిగినదానికి తెలుగులోనూ, తెలుగులో అడిగినదానికి ఉర్దూలోనూ జవాబు చెప్పడానికి ప్రోత్సహించాలి. బాగా మాట్లాడినవారిచేత వ్యాసం రాయించి వచ్చే సంచికలో ప్రకటించాలి. ఖర్చు స్వల్పం, ప్రయోజనం అధికం.

పాపం ఎవరిదన్న ప్రశ్నకు సమాధానం ఆలోచించి చెప్పగల యువకుడు తెరపై ఎన్ని పిశాచాలను చూసినా చెడిపోడు. ఆ ప్రశ్న వినబడనివాడు పౌరాణికచిత్రం చూసినా బాగుపడడు.