తెరచి ఉంచిన వైఫై, తలుపు తట్టే అనుమానం

ఉదయగిరి పాత వీధులలో రెండిండ్లకు నడుమ ఒకే గోడ ఉండడం పరిపాటి. ఒక ఇంట నర్ది కొయ్యను చెంచాగా చెక్కే చప్పుడు పక్కింటివారికి వినబడుతుంది. రంజాన్‌లో ఒక ఇంటి గంజి నాలుగిండ్లకు వెళ్తుంది. ఇప్పుడు ఆ గోడ దాటి మరొకటి కూడా ప్రవహిస్తున్నది. కరెంటు స్తంభాల మీదుగా వచ్చిన ఫైబర్ తీగ ఒక ఇంట దిగితే, దాని వైఫై చుట్టుపక్కల ఇండ్లన్నిటికీ అందుతున్నది. రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్‌నెట్ 2017 డిసెంబరులో లాంఛనంగా ప్రారంభమైనప్పుడు నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్టు ఇస్తామన్నారు. నాటి నుండి ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాల సామాన్య కుటుంబాలకు కూడా ఈ వసతి దగ్గరైంది. గల్ఫ్‌లో ఉన్న తండ్రితో పిల్లలు మాట్లాడేది దానిమీదనే. కొయ్య గరిటెలకు ఆర్డర్లు వచ్చేదీ, స్కాలర్‌షిప్పు దరఖాస్తు వెళ్లేదీ దానిమీదనే.

మనలో అనేకులు ఈ వైఫైకి పాస్‌వర్డు పెట్టరు. పెట్టినవారు కూడా తమ ఫోను నంబరునే పెడతారు. అడిగితే “పక్కింటి పిల్లలు చదువుకుంటున్నారు, పోనివ్వండి” అంటారు. ఆ మాటలోని మంచితనాన్ని మేము తక్కువ చేయడం లేదు. కరోనా కాలంలో బడులు మూతబడినప్పుడు, ఇంట నెట్టు లేని పిల్లలు పొరుగింటి అరుగు మీద కూర్చుని పాఠాలు వినడం మేము చూశాము. పొరుగువారి హక్కును గురించి మన ధర్మం ఎంత గట్టిగా చెప్పిందో పాఠకులకు మేము గుర్తుచేయనక్కర లేదు. అయినా తలుపు తట్టినవారికి తెరవడం ఒకటి, రాత్రంతా తలుపు బార్లా తీసి ఉంచడం మరొకటి.

ఈ వ్యత్యాసం ఎంత ప్రమాదకరమో 2008లో దేశం చూసింది. ఆ ఏడాది జూలై 26న అహమ్మదాబాదులో వరుస పేలుళ్లు జరిగాయి. అంతకు కొద్ది నిమిషాల ముందు వార్తాసంస్థలకు ఒక బెదిరింపు మెయిల్ వెళ్లింది. దాని జాడ పట్టిన పోలీసులు నవీ ముంబయిలో కెన్నెత్ హేవుడ్ అనే అమెరికను ఇంటికి చేరారు. ఆయన వైఫైకి రక్షణ లేదు. ఎవరో ఆ సంకేతాన్ని అందుకుని, ఆయన కనెక్షను నుండి మెయిల్ పంపారు. ఆయన కంప్యూటర్లను పోలీసులు స్వాధీనం చేసుకున్నారు. రోజుల తరబడి ప్రశ్నించారు. మెయిల్ ఆయన పంపలేదని చివరకు తేలింది. అదే ఏడాది ఆగస్టు, సెప్టెంబరు నెలల మెయిళ్లకు ముంబయిలోని ఒక కళాశాల వైఫైని, ఒక కంపెనీ వైఫైని ఇలాగే వాడుకున్నారు. 2009 ఫిబ్రవరిలో కేంద్ర టెలికాం శాఖ వైఫై భద్రతపై సేవాసంస్థలకు ఆదేశాలు ఇవ్వడానికి ఈ ఘటనలే కారణం.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించవలసి ఉన్నది. దర్యాప్తు నడుస్తుండగా, దేశం విడువరాదన్న లుకౌట్ నోటీసు ఉండగానే, హేవుడ్ గారు విమానం ఎక్కి స్వదేశం వెళ్లగలిగారు. ఆ వైఫై పెట్టె ఆయన ఇంట కాక ముంబ్రాలోనో, హైదరాబాదు పాతబస్తీలోనో, ఆత్మకూరులో ఒక దర్జీ ఇంటనో ఉండి ఉంటే? ఆ మెయిల్ రాసినవారు మన మతం పేరునే వాడుకున్నారు. ఆ పెట్టెకు యజమాని పేరు కూడా ముస్లిం పేరే అయితే, ప్రశ్నలు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతాయో మనకు తెలియనిది కాదు. 2007 మే 18న మక్కా మసీదు పేలుడు తరువాత హైదరాబాదులో పట్టుకుపోయిన యువకులలో పలువురు నిర్దోషులుగా బయటపడ్డారు. వారు పోగొట్టుకున్న చదువులను, ఉద్యోగాలను ఏ తీర్పూ తిరిగి ఇవ్వలేదు. అందుచేత అందరికీ అజాగ్రత్తగా మిగిలిపోయే పని, మనకు మాత్రం కేసుగా మారే అవకాశం ఉన్నది. ఇది న్యాయం కాదు. అయితే అన్యాయమని తెలిసినంత మాత్రాన పాస్‌వర్డు పెట్టుకోకపోవడం వివేకం కాదు.

సాంకేతికంగా జరిగేది ఇది. ఇంటిలో పది ఫోన్లున్నా, పొరుగువారి మరో పది కలిసినా, బయటి ప్రపంచానికి కనబడేది ఆ కనెక్షను యొక్క ఒకే ఐపీ చిరునామా. పోలీసులు సేవాసంస్థను అడిగితే వచ్చేది బిల్లు ఎవరి పేరున ఉన్నదో ఆ పేరు, ఆ ఇంటి చిరునామా. తప్పు చేసిన వేలు ఎవరిదో అందులో ఉండదు. చిన్న సంస్థలు ఒకే ఐపీని అనేక ఇండ్లకు పంచుతాయి కూడా. అప్పుడు సమయం కొన్ని నిమిషాలు తప్పుగా నమోదైనా పోలీసు మరొకరి గుమ్మం ఎక్కుతాడు. 2007లో బెంగళూరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకరు శివాజీని అవమానించే చిత్రం పెట్టారన్న ఆరోపణపై అరెస్టయి, పుణెలో యాభై రోజులు జైలులో ఉన్నారు. సేవాసంస్థ ఇచ్చిన ఐపీ వివరమే తప్పని ఆ తరువాత బయటపడింది. ఆయన ముస్లిం కూడా కాదు.

ఇక అడగకుండా పొరుగింటి వైఫై వాడుకునే మన యువకులకు ఒక మాట. “తాళం లేదు కనుక వాడుకున్నాం” అన్నది జవాబు కాదు. అనుమతి లేకుండా ఇతరుల నెట్‌వర్కులో ప్రవేశించడాన్ని 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 43వ సెక్షను తప్పుగా పేర్కొన్నది. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షను కింద మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. సింగపూరులో 2007లోనే పొరుగువారి వైఫై వాడిన పదిహేడేళ్ల కుర్రవానికి పద్దెనిమిది నెలల ప్రొబేషను విధించారు. పరుల ఇంటిలోకి అనుమతి లేక అడుగుపెట్టరాదన్న ఖురాన్ ఆదేశం సూరా నూర్‌లో ఉన్నది. వైఫైకి గడప కనబడనంత మాత్రాన అది వర్తించకుండా పోదు.

చేయవలసిన పని పెద్దది కాదు. పాస్‌వర్డు మార్చుకోవాలి. ఫోను నంబరు, పిల్లల పేర్లు, పెట్టె వెనుక అతికించిన అక్షరాలు పనికిరావు. సెట్టింగులలో డబ్ల్యూపీఏ2 గాని, డబ్ల్యూపీఏ3 గాని ఎంచుకోవాలి; పాతదైన వెప్ పద్ధతి 2001లోనే భేదించబడినది. పెట్టెలోకి ప్రవేశించే ‘అడ్మిన్’ పాస్‌వర్డు వేరే ఉంటుంది. దాన్ని మార్చమని కేబుల్ వారిని పట్టుబట్టి అడగాలి. పొరుగింటి పిల్లలకు ఇవ్వదలచిన ఖాలాలు, చాచాలు మానుకోనక్కర లేదు. చాలా పెట్టెలలో అతిథుల కోసం వేరొక నెట్‌వర్కు పెట్టుకునే వీలున్నది. దానికి వేరే పాస్‌వర్డు పెట్టి, తెలిసినవారికి చేతికి ఇవ్వవచ్చు. నెలకొకసారి మార్చవచ్చు. ఎవరు వాడుతున్నారో అప్పుడు మనకు తెలిసి ఉంటుంది. మొత్తం మూసివేసి పేద పిల్లవాని చదువును ఆపమని ఎవరైనా చెబితే మేము ఒప్పుకోము.

ఇంత జాగ్రత్త పడినా పోలీసులు వస్తే? భయపడి ఫోన్లు చెరిపివేయరాదు. ఆ పనే నేరమై కూర్చుంటుంది. అరెస్టు అక్కరలేని సందర్భాలలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షను కింద హాజరు కమ్మని రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలని 105వ సెక్షను చెబుతున్నది. 2024 జూలై 1 నుండి ఇది అమలులో ఉన్నది. తీసుకుపోయిన ప్రతి ఫోనుకూ, పెట్టెకూ జాబితా రాయించి ప్రతి అడగాలి. అరెస్టు చేస్తే ఇరవై నాలుగు గంటలలో మేజిస్ట్రేటు ముందు నిలపాలి. ఖర్చు భరించలేనివారు న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100కు ఫోను చేయవచ్చు. పోలీసు శాఖకు మా విజ్ఞప్తి కూడా ఒకటి ఉన్నది: ఐపీ చిరునామా దర్యాప్తుకు మొదటి మెట్టు మాత్రమే. పేరు చూసి అదే చివరి మెట్టుగా భావించవద్దు.

ఉదయగిరి, ఆత్మకూరు మసీదు కమిటీలు ఒక జుమా తరువాత అరగంట ఈ పనికి కేటాయించాలని కోరుతున్నాము. కంప్యూటరు తెలిసిన ఇద్దరు యువకులు, ఇద్దరు యువతులు వీధికొకరుగా వెళ్లి, ఒంటరి మహిళల ఇండ్లలో, వృద్ధుల ఇండ్లలో పాస్‌వర్డులు మార్చి రావచ్చు. పని మసీదు ఆఫీసుతోనే మొదలుపెట్టడం మంచిది. అక్కడి వైఫై పాస్‌వర్డు నోటీసు బోర్డు మీద, నమాజు వేళల పక్కనే రాసి ఉండడం మేము ఒకటికి రెండు చోట్ల చూశాము.