మందుల చీటీ మీద వేళలు తెలుగులో ఉండాలి

డాక్టరు రాసిచ్చే చీటీలో మందు పేరు పక్కన రెండు మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. ఓడీ అంటే రోజుకు ఒకసారి, బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు. ఏసీ అని ఉంటే తినకముందు, పీసీ అని ఉంటే తిన్నాక, హెచ్ఎస్ అంటే పడుకోబోయే ముందు. ఎస్ఓఎస్ అని చూసి ఏదో ప్రాణాపాయం అనుకోనక్కర్లేదు. అవసరమైతేనే వేసుకోమని దాని అర్థం. నొప్పి లేకపోతే ఆ మాత్ర జోలికి పోనక్కర్లేదు. ఇవన్నీ లాటిన్ మాటలకు పొట్టి రూపాలు. మందు మింగాల్సిన మనిషికి లాటిన్ ఎటూ రాదు, చాలాసార్లు ఇంగ్లీషూ రాదు.

వైద్యులు, నర్సులు కేస్‌షీట్లలో ఈ అక్షరాలు వాడుకోవడంలో తప్పేమీ లేదు. అవి ఆస్పత్రి గడప దాటి ఇంటికి వచ్చినప్పుడే చిక్కు. పైగా వాటి అర్థం అన్నిచోట్లా ఒకటి కాదు. మామూలు చీటీలో రోజుకు ఒకసారి అయ్యే ఓడీ, కంటి డాక్టరు చీటీలో కుడికన్ను అవుతుంది. డిశ్చార్జి కాగితం మీద టీబీ ముందు ఆర్, ఓ అక్షరాలుంటే జబ్బు ఉందని కాదు, లేదని తేల్చుకోవాలని. ఆ ముక్క చెప్పేవారు లేకపోతే ఇంటిల్లిపాదీ బెంగపెట్టుకుంటారు.

ఇన్సులిన్ దగ్గర ఈ పొదుపు ప్రాణం మీదికే తెస్తుంది. యూనిట్లు అని పూర్తిగా రాయకుండా 4 పక్కన ఇంగ్లీషు 'యూ' ఒక్కటే పెడితే, గొలుసురాతలో అది సున్నాలా కనిపిస్తుంది. 4 కాస్తా 40 అవుతుంది. పదింతల ఇన్సులిన్ పడితే షుగర్ ఒక్కసారిగా పడిపోయి మనిషి కోమాలోకి వెళ్లవచ్చు. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. అలాంటి మందు పక్కన 'సోమవారం మాత్రమే' అని వారం పేరుతో సహా రాయడానికి పట్టే సమయం ఎంత? అమెరికాలో ఆస్పత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లోనే వాడకూడని పొట్టి రాతల జాబితా పెట్టింది. ఆ 'యూ' అందులో ఉంది.

మన దేశంలో 1945 నాటి ఔషధ నిబంధనల ప్రకారమే చీటీలో మోతాదు రాయాలి. మందుల జెనరిక్ పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని వైద్య మండలి 2016లో చెప్పింది. అది మందు పేరు సంగతి. రోగికి అర్థమయ్యే భాష ఊసు అందులో లేదు. మందు ఎలా వాడాలో ఫార్మసిస్టు వివరించాలని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు అంటున్నాయి. జరిగేది వేరు. షాపులో కుర్రాడు స్ట్రిప్పును కత్తెరతో సగానికి కోసి, వెండిరేకు మీద బాల్‌పెన్నుతో 1-0-1 అని గీకి కవర్లో వేస్తాడు. మధ్య సున్నా మధ్యాహ్నం వద్దని. ఇల్లు చేరేసరికి ఆ గీత సగం చెరిగిపోతుంది.

దీన్ని సరిచేయడం పెద్ద ఖర్చు కాదు. కంప్యూటర్ చీటీలు ఇచ్చే ఆస్పత్రుల్లో బీడీ అని కొడితే 'ఉదయం ఒకటి, రాత్రి ఒకటి' అని తెలుగులో అచ్చయ్యేలా చేయవచ్చు. చేత్తో రాసే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు ఒక రబ్బరు స్టాంపు చాలు: ఉదయం, మధ్యాహ్నం, రాత్రి, పరగడుపున, తిన్నాక అని గళ్లు, టిక్కు పెట్టడమే పని. చదువు రానివారికి సూర్యుడు, చంద్రుడు బొమ్మలు. హైదరాబాద్ వంటి చోట్ల ఉర్దూ కూడా ఉండాలి. ఇన్సులిన్ మోతాదులో 'యూనిట్లు' అనే మాట పూర్తిగా రాయడం తప్పనిసరి చేయాలి. రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు ఈ మేరకు ఉత్తర్వులివ్వాలి.

ఉత్తర్వులు వచ్చేదాకా రోగులు, వారి వెంట వచ్చినవారు ఊరుకోనక్కర్లేదు. ఏ మందు దేనికి, ఏ పూట, తినకముందా తిన్నాకా, ఎన్నాళ్లు అని కౌంటరు దగ్గరే అడిగి, కవరు మీద తెలుగులో రాయించుకున్నాకే డబ్బు చెల్లించాలి.