డెజర్ట్ ఊరేగింపు సరే.. ట్రే మోసేవాళ్లను చూశారా?

క్రూయిజ్ షిప్ ఉద్యోగాల ప్రకటనలు మీ ఫోన్‌లోకీ వచ్చే ఉంటాయి. పెద్ద తెల్లటి ఓడ, నీలి సముద్రం, యూనిఫాంలో నవ్వుతున్న కుర్రాళ్లు. షిప్ డిన్నర్ వీడియోలు వెతికితే ఒక దృశ్యం తరచూ కనిపిస్తుంది. డైనింగ్ హాల్లో లైట్లు తగ్గుతాయి. మ్యూజిక్ మొదలవుతుంది. వెయిటర్లు ట్రేలు పైకెత్తి పట్టుకుని, స్టెప్పులేస్తూ టేబుళ్ల మధ్య వరుసగా తిరుగుతారు. ట్రేలో కేకు, దాని మీద వెలుగుతున్న దీపం. అతిథులు నాప్‌కిన్లు గిరగిరా తిప్పుతూ చప్పట్లు కొడతారు. దీన్ని ‘బేక్డ్ అలాస్కా పరేడ్’ అంటారు. ప్రయాణం చివరికొచ్చే రోజుల్లో, వీడ్కోలు విందులా జరిపే పాత ఆనవాయితీ ఇది.

ఈ వీడియో చూసి మన ఫ్రెండ్స్ రెండు రకాలుగా మాట్లాడతారు. ‘లైఫ్ అంటే ఇదిరా’ అని ఒకరు. ‘బీటెక్ చదివి ట్రేలు మోస్తూ డాన్సులా?’ అని ఇంకొకరు. నన్నడిగితే ఇద్దరూ పొరపడినట్టే. అది పార్టీ కాదు, అవమానమూ కాదు. అది డ్యూటీ. దాన్ని డ్యూటీలాగే చూసి, లెక్కలేసుకుని నిర్ణయం తీసుకోవాలి.

ముందు ఆ కేకు సంగతి చూద్దాం. స్పాంజ్ కేకు మీద గడ్డకట్టిన ఐస్‌క్రీమ్ పెట్టి, గుడ్డు తెల్లసొన, చక్కెర కలిపి గిలక్కొట్టిన నురగతో మొత్తం కప్పేస్తారు. తర్వాత బాగా వేడెక్కిన ఓవెన్‌లో కొద్ది నిమిషాలే ఉంచుతారు. పైన నురగ ఎర్రగా కాలుతుంది, లోపల ఐస్‌క్రీమ్ కరగదు. నురగలో చిక్కుకున్న గాలి బుడగలు వేడిని లోపలికి త్వరగా పోనివ్వవు. థర్మోడైనమిక్స్‌లో మనం బట్టీపట్టిన ఇన్సులేషన్ ఇదే. 1867లో అమెరికా రష్యా నుంచి అలాస్కాను కొన్న సందర్భంతో ఈ పేరును ముడిపెట్టి చెబుతుంటారు. న్యూయార్క్‌లోని డెల్మోనికోస్ రెస్టారెంట్ షెఫ్ చార్లెస్ రాన్‌హోఫర్ 1894 నాటి తన వంటల పుస్తకంలో దీన్ని ‘అలాస్కా, ఫ్లోరిడా’ అని రాశాడు. ఒకటి చల్లటి చోటు, ఇంకొకటి వేడి చోటు.

ఇప్పుడు ఓడలోకి రండి. ఐస్‌క్రీమ్ ఎక్కువసేపు ఆగదు. పాట మొదలయ్యే సమయానికి ట్రేలు తలుపు దగ్గర ఉండాలి. ఊరేగించే కేకు చాలాసార్లు చూపించడానికే. అతిథుల ప్లేట్లలోకి వెళ్లే ముక్కలు గ్యాలీలో, అంటే ఓడ వంటగదిలో, విడిగా సిద్ధమవుతుంటాయి. వందలమంది కూర్చున్న హాల్లో, కదులుతున్న ఓడలో, కుర్చీల మధ్య ఇరుకు దారిలో ట్రే ఒరగకుండా నడవాలి. పాట ఆగిన వెంటనే మళ్లీ సర్వీస్‌లోకి దిగాలి. ఇది టీమ్‌వర్క్, టైమింగ్. ఐటీ ఇంటర్వ్యూలో వీటి గురించి మనం చెప్పే కబుర్ల కంటే ఇక్కడ పరీక్ష గట్టిది.

ఇంకో సంగతి. ఒకప్పుడు నిజంగానే మంట వెలిగించి తెచ్చేవారు. నడిసంద్రంలో అగ్నిప్రమాదం కంటే భయపడేది తక్కువ. అందుకే చాలా ఓడల్లో ఇప్పుడు బ్యాటరీ దీపాలొచ్చాయి. కొన్ని కంపెనీలు పరేడ్‌నే మానేశాయి, కొన్ని మెనూ మార్చి పాటలు, స్టెప్పులు మాత్రం ఉంచాయి. స్టెప్పులేసే ఆ వెయిటర్‌కి మంటలార్పడం, ప్రథమ చికిత్స, సముద్రంలో ప్రాణాలు కాపాడుకోవడం లాంటి భద్రతా శిక్షణ ఉంటుంది. ప్రమాదం జరిగితే ప్రయాణికులను లైఫ్‌బోట్ల వైపు నడిపించేవాళ్లలో అతనూ ఉంటాడు. ‘ట్రే మోసే పని’ అని తీసిపారేసే ముందు ఇది గుర్తుంచుకోండి.

అలాగని నవ్వు చూసి మోసపోకండి. పరేడ్ చివరి రోజుల్లోనే ఎందుకు? పాత పద్ధతిలో ప్రయాణికులు వెయిటర్లకు టిప్ కవర్లు ఇచ్చేది కూడా అప్పుడే. ఇప్పుడు చాలా కంపెనీలు రోజువారీ టిప్‌ను బిల్లులోనే కలిపేస్తున్నాయి. అంటే ఆ నవ్వుకూ ఆదాయానికీ సంబంధం ఉంది. అందుకే ‘నెలకు ఇంత’ అని ఏజెంట్ చెప్పగానే అడగండి: ఇందులో గ్యారంటీ జీతం ఎంత, టిప్పులు ఎంత? కాంట్రాక్టు ఎన్ని నెలలు? రెండు కాంట్రాక్టుల మధ్య ఇంట్లో ఉన్న రోజులకు జీతం వస్తుందా, రాదా?

పని గంటల గురించీ తెలుసుకోండి. సముద్ర కార్మికుల కోసం మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ 2006 అనే అంతర్జాతీయ ఒప్పందం ఉంది. 2013 నుంచి అమల్లో ఉంది, భారత్ కూడా అంగీకరించింది. దాని ప్రకారం పని గంటలకు పరిమితి పెడితే అది 24 గంటల్లో 14, వారంలో 72 దాటకూడదు. విశ్రాంతి గంటల లెక్కన చూస్తే 24 గంటల్లో కనీసం 10, వారంలో 77 ఉండాలి. పరిమితే ఇంత అంటే పని ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి. వారాంతపు సెలవు మీద ఆశ పెట్టుకుని వెళ్లొద్దు.

అన్నిటికంటే ముఖ్యమైంది డబ్బు. అదే ఒప్పందం ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు అభ్యర్థి దగ్గర ఫీజు వసూలు చేయకూడదు. పాస్‌పోర్ట్, మెడికల్ సర్టిఫికెట్ లాంటి ఖర్చులు మాత్రం మనవి. మన దేశంలో ఓడలకు మనుషులను పంపే ఏజెన్సీకి డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్స్ ఉండాలి. ఆ నంబర్ అడగండి, డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. ‘సీటు బ్లాక్ చేయాలి, రెండు లక్షలు కట్టు’ అన్నారంటే లేచి వచ్చేయండి. నాన్న అప్పు తెచ్చి కట్టే ఆ రెండు లక్షలు ఏ పరేడ్‌లోనూ తిరిగి రావు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మనుషులతో మాట్లాడటం, కొత్త దేశాలు చూడటం మీకిష్టమై, నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండగలిగితే ఇది మంచి ఉద్యోగమే. ఎవరేమనుకున్నా వెళ్లండి. కేవలం వీడియో నచ్చి వెళ్తానంటే మాత్రం ఆగండి. ఆ వీడియోను ఇంకోసారి పెట్టి, సౌండ్ ఆపేసి, కేకును వదిలేసి ట్రే పట్టుకున్న చేతులను మాత్రం చూడండి. అవి మీ చేతులైతే, నెలల తరబడి ఆ పని ఇష్టంగా చేయగలరా? చేయగలననిపిస్తే అప్పుడు అప్లై చేయండి.